నాలుగు మూలలా గుప్పెడు

జూన్ 6, శుక్రవారం

ఉదయం పదిన్నరకు నోటీసు వచ్చింది. జూలై ఒకటి నుంచి మా నాలుగెకరాలు పొలం కాదు.

ఎవరూ లాక్కోలేదు, మేము అమ్మలేదు. కాగితాల మీద పేరు మాదే ఉంటుంది. వాడకం మారుతుంది. "వ్యవసాయం" అన్న చోట "గోదాములు, రవాణా" అని రాస్తారు. ఆ తర్వాత కాలువ నీళ్లలో మాకు వంతు లేదు, మోటారుకు కరెంటు లేదు. అందులో పైరు వేస్తే నేరం. కారణం ఒక్క వాక్యం: "క్షేత్ర పరిశీలనలో రెండో చెక్క సాగులో లేనట్టు తేలింది." మొత్తంలో పావు వంతు సాగులో లేకపోతే మొత్తం సాగులో లేనట్టేనట. మాది సరిగ్గా పావు వంతు. ఎకరం చొప్పున నాలుగు చెక్కలు. నాన్న ఏటా ఒకదానికి విశ్రాంతి ఇచ్చేవాడు. ఈ ఏడు రెండోదాని వంతు.

అభ్యంతరాలకు గడువు 27. విచారణ 30న.

తమ్ముడు నోటీసు రెండుసార్లు చదివాడు. సేద్యం చేసేది వాడు. నేను ఏప్రిల్ నుంచి సెలవు మీద ఇక్కడ ఉన్న మనిషిని. రెండో పేజీ అడుగున ఒక గడిలో "సమాచారం ఇచ్చినవారు: స్థానికులు" అని ఉంది. దాని మీద వేలు పెట్టాడు.

"ఎవరక్కా ఈ స్థానికులు?"

"పేరు రాయలేదుగా," అన్నాను.

రాయలేదన్నది నిజం.

నాన్న పోయి ముప్ఫై నాలుగు రోజులు.

జూన్ 7

మధ్యాహ్నం 12.40. మళ్లీ అదే మాట. నాన్న కూర్చునే రేకుల షెడ్డు కిందికి వెళ్లి చూశాను. ఎవరూ లేరు.

జూన్ 8, ఆదివారం

ఇరవై రెండేళ్లుగా పత్రికలో పనిచేస్తున్నాను. మనసు బాగోలేనప్పుడు తేదీల ప్రకారం రాసుకుంటే సగం తేలిపోతుందని కుర్రవాళ్లకు నేనే చెబుతుంటాను. రాస్తాను.

ఏప్రిల్ 14. ఉదయం ఎనిమిది ప్రాంతంలో నాన్న రెండో చెక్కలో పడిపోయాడు. వయసు డెబ్భై నాలుగు. తమ్ముడు చూసి మోసుకొచ్చాడు. ఆస్పత్రిలో పంతొమ్మిది రోజులు.

ఏప్రిల్ 21. వార్డులో నన్ను దగ్గరికి పిలిచాడు. మాట ముద్దగా వచ్చేది కానీ తెలిసేది.

"షెడ్డులో డబ్బా మీద గుడ్డ మూట ఉంది. పెసలు. రెండో చెక్కలో నాలుగు మూలలా గుప్పెడు గుప్పెడు వెయ్యి. పైన మట్టి కప్పు, పిట్టలు తింటాయి."

"దానికి ఈ ఏడు విశ్రాంతి కదా నాన్నా?"

"విశ్రాంతే. గుప్పెడు వెయ్యి."

"నాలుగు గుప్పిళ్లకు ఏం పండుతుంది?"

"పండటానికి కాదే తల్లీ. ఎవరైనా వచ్చి అడిగితే వేశామని చెప్పాలి. నోరు నొప్పెడుతోంది, వెళ్లు."

చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. విశ్రాంతి ఇచ్చిన చెక్క మూలల్లో ఏటా నాలుగు గుబుర్లు ఉండేవి. కోసేవాళ్లం కాదు. ఎందుకని ఎప్పుడూ అడగలేదు. ఊళ్లో అందరినీ అన్నీ అడగడమే నా ఉద్యోగం.

ఏప్రిల్ 22. నేను వార్డుకు తిరిగి వెళ్లేసరికి మధ్యాహ్నం అయింది. "వేశావా?" అన్నాడు. వేశానన్నాను. ఎదురు గోడ మీద గడియారం 12.40 చూపిస్తోంది.

మే 3. తెల్లవారి అయిదుంపావుకు పోయాడు.

నాన్న అడిగిన పని అయిపోయినట్టే.

ఇంతవరకు చాలు.

జూన్ 10

తమ్ముడు తూము మావయ్యతో గొడవపడ్డాడు.

మావయ్య మాకు చుట్టం కాదు. కాలువ తూము తిప్పే పని ఆయనది. మా రెండో చెక్కను ఆనుకునే ఆయన అరెకరం. నాన్నతో యాభై ఏళ్ల స్నేహం. తమ్ముడికి ఈత నేర్పింది ఆయనే. ఏప్రిల్ 23 సాయంత్రం ఆయన గడ్డపారతో మా రెండో చెక్క మూలలో వంగి ఏదో చేస్తుండగా తమ్ముడు ఆస్పత్రికి వెళ్తూ బండి మీద నుంచి చూశాడట. అప్పుడు అడిగే తీరిక లేదు. ఇప్పుడు దాన్ని నోటీసుతో ముడిపెట్టాడు.

గట్టు మీద నిలబెట్టి అడిగాడు. "మా చెక్కలో గడ్డపారతో మీకేం పనండీ?"

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నువ్వు అని పిలిచిన మనిషిని ఈ రోజు మీరు అన్నాడు. ఆ మాటకే మావయ్య ఆగిపోయాడు.

"అండీనా? ఇంత మర్యాద ఎవరు నేర్పార్రా నీకు? మీ అక్కేనా?"

"మాట మార్చకండి. నా కళ్లతో చూశాను."

"చూశావుగా మరి. నన్నెందుకు అడగడం."

"గట్టు రాయి జరుపుతున్నారా? అది కుదరక సర్వే వాళ్లకు బీడని చెప్పారా?"

మావయ్య వాడి వైపు చూడలేదు. నా వైపు చూశాడు. ఎంతసేపో చెప్పలేను. నేను లెక్కపెట్టలేదు.

"రేపు ఆరింటికి నీళ్లు వదుల్తా. మడవ సరిచూసుకో," అని వాడితో చెప్పి వెళ్లిపోయాడు.

నేను ఇంటికి వచ్చేశాను.

మధ్యాహ్నానికల్లా తమ్ముడు గట్టుకు అడ్డంగా ముళ్లకంప వేశాడు. మావయ్య తూము దగ్గరికి వెళ్లే దారి అదే.

"వాళ్లింటికి మన పెద్ద గిన్నె వెళ్లింది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని అడగను?" అంది మరదలు. తమ్ముడు చెంబు విసిరాడు. గోడకు తగిలింది.

జూన్ 11

తొలివాన. మధ్యాహ్నం మూడు నుంచి నాలుగుంపావు దాకా. 12.40కి మాత్రం ఎండే.

జూన్ 12

భూవినియోగ కార్యాలయానికి వెళ్లాను. రెండో అంతస్తు. బెంచీలు నిండి ఉన్నాయి, అందరి చేతుల్లో మా దగ్గరున్న నోటీసే. సెక్షన్ గుమాస్తా యాభై దాటిన మనిషి. కళ్లద్దాలకు ఒక వైపు దారం కట్టుకుంది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే అప్పటికే కావలసిన కాగితం తీసి పెట్టే రకం. అలాంటివాళ్లంటే నాకు గౌరవం.

"సాగు అంటే ఏమిటండీ, మీ నియమంలో?" అన్నాను.

"విత్తినది."

"ఎంత విత్తితే?"

"ఎంతని లేదు. ఎప్పుడని ఉంది. పరిశీలన తేదీ నాటికి విత్తి ఉండాలి. మొలిచిందా లేదా అని కూడా లేదు. మొలవనివి ఉంటాయి కదమ్మా, వానలు లేకపోతే."

"నేలకు విశ్రాంతి ఇస్తే?"

"రెండే గడులు. ఉంది, లేదు." ఆమె ఫైలు నా వైపు తిప్పింది. పైనుంచి తీసిన ఫొటో ఒకటి, కింద ఒక పత్రం. "ఇది మీ సంతకమేగా?"

నాదే.

ఇక రాయక తప్పదు. మే 9, నాన్న పోయిన ఆరో రోజు. తమ్ముడు మరణ ధ్రువపత్రం కోసం వెళ్లాడు. సర్వే అమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయి. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబు. మంచినీళ్లు ఇచ్చాను. పత్రికలో పని చేస్తానని తెలిసి సంతోషపడింది.

"అమ్మయ్య. పొద్దున్నుంచి అందరూ కథలే చెబుతున్నారు మేడమ్. మీరైతే ఉన్నదున్నట్టు చెబుతారు. ఈ చెక్కలో ఏం వేశారు?"

"ఏమీ వేయలేదు. ఈ ఏడు దీనికి విశ్రాంతి."

"విశ్రాంతని గడి లేదు మేడమ్. సాగు ఉంది, సాగు లేదు. అంతే."

"అయితే లేదు," అన్నాను.

వేలితో సంతకం పెట్టాను. ఆమె థాంక్స్ చెప్పి వెళ్లింది. ఆ సాయంత్రం నాకు తేలిగ్గా అనిపించింది కూడా. ఉన్నదున్నట్టు చెప్పాను కదా.

ఈ భూవినియోగ చట్టం వచ్చినప్పుడు దాని మీద వార్త రాసింది నేనే. అయిదో పేజీ, మూడు వందల నలభై పదాలు. "సాగులో లేని భూములను వినియోగంలోకి తెచ్చేందుకు" అని మొదలవుతుంది. సాగులో లేనిదంటే ఏమిటని ఆ రోజు ఎవరినీ అడగలేదు. గడువు నాలుగింటికి. మూడున్నరకే ఇచ్చేశాను.

జూన్ 13

ఆఫీసులో ఏమన్నారని తమ్ముడు అడిగాడు. నియమం గురించి చెప్పాను. సంతకం గురించి వాడు అడగలేదు.

జూన్ 14

కంప వేయక ముందు మావయ్య ఇంటి నుంచి తూముకు మూడు నిమిషాల నడక. ఇప్పుడు రోడ్డు మీదుగా చుట్టు తిరిగి పదకొండు నిమిషాలు. ఆయనకు డెబ్భై ఒకటి. కుడి మోకాలు వంగదు. వరండాలో కూర్చుంటే కనిపిస్తాడు.

నీళ్లు ఆరింటికే వచ్చాయి. ఒక్క నిమిషం అటూ ఇటూ లేదు.

జూన్ 15

12.40. షెడ్డులో నాన్న స్టూలు తీసి అటక మీద పెట్టించాను. కూర్చునే చోటు కనిపించకపోతే పోతుందేమోనని. మాటకు కూర్చునే చోటు అక్కర్లేదు కాబోలు.

జూన్ 17

చూసింది చూసినట్టు రాస్తాను.

అభ్యంతర పత్రానికి జత చేయడానికి పొలం ఫొటోలు కావాలి. ఉదయం ఏడింటికి రెండో చెక్కలోకి వెళ్లాను. నాన్న బతికుండగా విశ్రాంతిలో ఉన్న చెక్కను తొక్కనిచ్చేవాడు కాదు. గట్టు మీదే చెప్పులు విడిచి దిగాను.

ఈశాన్యం మూలలో మొలకలు. రెండాకులు విచ్చుకుని ఉన్నాయి. పదిహేడు మొక్కలు, బెత్తెడు జాగాలో. పెసర.

ఆగ్నేయం మూలలో పద్నాలుగు. నైరుతిలో ఇరవై. వాయవ్యంలో పదకొండు, చీమలు కొన్ని తీసుకుపోయినట్టున్నాయి. మూల నుంచి ప్రతి గుంపుకూ ఒకటే దూరం, రెండడుగులు. నాన్న అంతే వదిలేవాడు.

అయిదో గుంపు కూడా ఉంది. ఈశాన్యం మూలకు ఏడడుగుల లోపల. గుండ్రంగా లేదు. ముందుకు చిమ్మినట్టు, తోకలా ఉంది. ఇరవై మూడు మొక్కలు.

ఇంటికొచ్చి సంచి తీశాను. ఏప్రిల్ 22 నుంచి నా భుజాన వేసుకు తిరుగుతున్న సంచే. నోటు పుస్తకాల కింద, పెన్నుల కింద, గుడ్డ మూట ఉంది. ముడి విప్పలేదు. బరువు తగ్గలేదు. నాన్న వేసిన ముడి, రెండు చుట్లు తిప్పి కొస లోపలికి దోపింది.

నేను వేయలేదు. ఇదిగో, రాశాను. ఆ రోజు షెడ్డు దాకా వెళ్లి మూట తీసుకున్నాను. ఎండ. పొలం గట్టు వరకు కారు పోదు. ఆఫీసు నుంచి ఫోను వచ్చింది, ఒక వార్తలో పేరు తప్పు పడిందట. కారులో కూర్చుని అరగంట మాట్లాడాను. తర్వాత నాలుగు గుప్పిళ్ల పెసల కోసం చెప్పులు పాడుచేసుకోవడం ఎందుకనిపించింది. ముసలాయన చాదస్తం అనుకున్నాను. వార్డుకెళ్లి వేశానని చెప్పాను.

మరి పొలంలో ఉన్నవి ఎవరు వేసినవి?

జూన్ 18

విత్తనాలు వేసింది మనిషే. అందులో సందేహం లేదు. మట్టి కప్పి ఉంది.

జూన్ 19

12.40కి కావాలనే రెండో చెక్కలో నిలబడ్డాను. గాలి లేదు. కాలువ అవతల ఇటుకల బట్టీలో పని ఆగి ఉంది, అన్నాల వేళ. వినబడింది. "వేశావా?" అని, ఎడమ వైపు నుంచి, మంచం మీద పడుకున్న మనిషి మాట్లాడే ఎత్తులో.

"వేయలేదు నాన్నా," అన్నాను. పైకే అన్నాను.

జవాబు రాలేదు. రావాల్సిందని కాదు.

జూన్ 21, శనివారం

తూము దగ్గరికి వెళ్లాను. నేను కూడా రోడ్డు మీదుగా చుట్టు తిరిగే వెళ్లాను. పదకొండు నిమిషాలు కాదు, పదమూడు.

మావయ్య తూము చక్రానికి గ్రీజు పూస్తున్నాడు. నన్ను చూసి పక్కనున్న డబ్బా జరిపి చోటిచ్చాడు.

"పెసలు మొలిచాయి మావయ్యా."

"వాన పడితే మొలవక ఏం చేస్తాయి."

"ఎవరు వేశారు?"

"పేపరు మనిషివి నువ్వు. నన్నడుగుతావేంటి? కనుక్కో."

"నువ్వే వేశావు. ఏప్రిల్ 23న. గడ్డపారతో."

"మరి కనుక్కున్నావుగా." గుడ్డకు చేతులు తుడుచుకున్నాడు. "మా ఇంట్లో పెసలే తీసుకెళ్లా. నేల రాయిలా ఉంది అప్పుడు. గడ్డపార లేకపోతే వేలెడు గుంట కూడా పడేది కాదు."

"ఎందుకు వేశావు?"

చక్రం పళ్లలో ఇరుక్కున్న పుల్ల తీసి పారేశాడు.

"మీ నాన్న ఫోన్ చేశాడు. పొద్దున్నే, ఆస్పత్రిలో నర్సమ్మ ఫోన్లోంచి. 'మా అమ్మాయి వేశానంది. చూస్తే దాని చెప్పులకు దుమ్ము లేదురా. నువ్వెళ్లి వెయ్యి' అన్నాడు."

నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.

"ఇంకొకటి కూడా అన్నాడు. దానికి చెప్పకు, చిన్నబుచ్చుకుంటుంది అని. అంతే, పెట్టేశాడు."

"తమ్ముడు నిన్ను అన్ని మాటలంటుంటే..."

"వాడికి చెబితే నీకు చెప్పినట్టేగా. పోయిన మనిషి మాట కదే. అయినా వాడి తిట్లు నాకు కొత్తా? చిన్నప్పుడు ఈత నేర్పుతుంటే ఇంతకంటే పెద్దవి తిట్టాడు. మీరు అన్నాడు చూడు, అదొక్కటే కొంచెం..." అని ఆపేశాడు.

మూలల సంగతి ఆయనే చెప్పాడు. ఇటుకల బట్టీ ఉన్న చోటు ఒకప్పుడు మా తాతది. ఒక ఏడు తాత మంచాన పడ్డాడు. నాన్నకు పన్నెండేళ్లు. ఆ పొలంలో ఒక్క గింజ పడలేదు. అప్పటి అధికారి వచ్చి చూసి బీడని రాసుకుపోయాడు. తాత లేచి తిరిగేసరికి అది మాది కాదు. అప్పటి నుంచి నాన్న ఏ చెక్కనూ గింజ లేకుండా వదల్లేదు.

"ఇంత సంగతి నాకెందుకు చెప్పలేదు?"

"సిగ్గేమోనే. వాళ్ల నాన్న పోగొట్టుకున్నాడని బిడ్డలకెలా చెబుతాడు?"

"మావయ్యా, అయిదో గుంపు కూడా ఉంది. మధ్యలో."

"నాలుగు మూలలే వేశాను. నాలుగే చెప్పాడు."

"మరి అది?"

"నాకు తెలీదు."

విచారణకు వస్తావా అని అడిగాను. పరిశీలన కంటే పదహారు రోజుల ముందే విత్తారని చెప్పగలిగేది ఆయనొక్కడే. ఆయన చెప్పకపోతే పొలం లేదు.

"రమ్మంటే వస్తా. అక్కడ ఊరుకోరుగా. నువ్వెందుకు వేశావు, ఇంట్లోవాళ్లు ఏమయ్యారు అంటారు. చెప్పాలి. మీ తమ్ముడు పక్కనే ఉంటాడు." లేచి తాళంచెవి మొలలో దోపుకున్నాడు. "ముందు నువ్వు చెప్పుకో. బయటివాడి నోటి నుంచి వినకూడదు వాడు."

జూన్ 22

తమ్ముడు మొదటి చెక్కలో నాట్లు వేయిస్తున్నాడు. రేపు చెబుతాను.

జూన్ 23

నాట్లు.

జూన్ 24

చెప్పడానికి మంచి సమయం దొరకలేదు. మరదలు ఎదురుగా ఉంది.

12.40కి చెవుల్లో దూది పెట్టుకున్నాను. దూదికి సంబంధం లేదు.

జూన్ 25, బుధవారం

గడువుకు రెండు రోజులు. ఉదయం వరండాలో తమ్ముడు మందు కొట్టే డబ్బా విప్పి వాషర్ మారుస్తున్నాడు. మరదలు వంకాయలు తరుగుతోంది. కూర్చోకుండానే చెప్పాను.

"సర్వే వాళ్లకు ఏమీ వేయలేదని చెప్పింది నేను. సంతకం నాది. అంతకు ముందు నాన్నకు వేశానని చెప్పింది కూడా నేనే. వేయలేదు."

వాడు తలెత్తలేదు. వాషర్ వేళ్ల మధ్య తిప్పుతూనే ఉన్నాడు.

"మావయ్య?"

"ఆయన వేశాడు. నేను వేయలేదని నాన్నకు తెలిసిపోయింది. ఆయనకు ఫోన్ చేశాడు. నువ్వు చూసింది అదే."

"పదిహేను రోజులుగా ఆ మోకాలితో చుట్టు తిరిగి పోతున్నాడక్కా."

"తెలుసు."

"తెలుసా." ఇప్పుడు తలెత్తాడు. "అవున్లే. ఈ కుర్చీలోంచి బాగా కనిపిస్తుంది."



"ఆ మూట ఏదీ?" అన్నాడు. సంచిలోంచి తీసి ఇచ్చాను. ముడి చూశాడు. విప్పబోయి మానేశాడు. అరచేతిలో పెట్టుకుని బరువు చూసి నాకే తిరిగి ఇచ్చాడు.

"ముందు వెళ్లి ఆ ముళ్లు తీసి రండి," అంది మరదలు కత్తిపీట మీద నుంచి. "తర్వాత తీరిగ్గా తిట్టుకోండి ఇద్దరూ. ఆయన మళ్లీ బయల్దేరే వేళయింది."

వాడు వెళ్లాడు. చేతికి ఏమీ చుట్టుకోకుండానే కంప లాగాడు. వెనకే నేనూ వెళ్లాను. కంప తీశాక రెండో చెక్కలోకి దిగాడు, చెప్పులు విడిచి. నాలుగు మూలలూ చూశాడు. అయిదో గుంపు దగ్గర ఆగిపోయాడు.

"ఇక్కడ మావయ్య వేయలేదట," అన్నాను. "చీమలు మోసుకొచ్చి ఉంటాయి."

"ఇక్కడే పడ్డాడు."

"ఎవరు?"

"నాన్న. బోర్లా. తల మూల వైపు ఉంది." తోకలా ఉన్న వైపు చూపించాడు. "కుడి చెయ్యి ముందుకు చాచి ఉంది. ఆస్పత్రిలో ఆ గుప్పిట నేనే విప్పాను. అరచేతికి రెండు పెసలు అంటుకుని ఉన్నాయి. తుడిచేశాను. జేబులోవి ఏవో అనుకున్నా."

వంగి మొక్కల మీద చెయ్యి పెట్టలేదు, పక్కన మట్టి మీద పెట్టాడు. లేపి మోసేటప్పుడు వాడి కాళ్లే ఆ గింజలను మట్టిలోకి తొక్కి ఉంటాయి.

అంటే ఏప్రిల్ 14 ఉదయం ఆయన మూలలకే బయల్దేరాడు. మొదటి మూలకు ఏడడుగుల దూరంలో ఆగిపోయాడు. మిగిలింది నాకు అప్పగించాడు.

అప్పుడు సమయం చూసుకున్నాను. ఎనిమిదీ పది.

మావయ్య గట్టు మీదికి వచ్చాడు. కంప లేని దారి చూసి, మా ఇద్దరినీ చూశాడు.

"నీళ్లు ఎన్నింటికి కావాలిరా?"

"నీ ఇష్టం మావయ్యా," అన్నాడు తమ్ముడు. "నువ్వు ఎప్పుడు వదిలితే అప్పుడే."

జూన్ 26

అభ్యంతర పత్రం ఇచ్చాను. నాలుగు పేజీలు, తొమ్మిది ఫొటోలు, మావయ్య వాంగ్మూలం, ఆస్పత్రి నర్సు ఫోన్‌లోని కాల్ వివరాలు, తమ్ముడి వాంగ్మూలం. మొదటి వాక్యం మూడుసార్లు తిరగరాశాను. చివరికి ఇలా ఉంచాను: "మే 9న నేను ఇచ్చిన సమాచారం తప్పు, పొలంలో విత్తారో లేదో తెలుసుకోకుండా ఇచ్చాను."

గుమాస్తా నిలబడే చదివింది.

"ఇది ఎవరు రాసిచ్చారు?"

"నేనే."

"మీ మీద మీరే రాసుకున్నారు. తప్పుడు సమాచారానికి సంతకం చేసినట్టవుతుంది. చర్య తీసుకోవచ్చు."

"తీసుకోనివ్వండి."

"మీ పత్రికలో కూడా తెలుస్తుంది."

"వార్తేగా. తెలియాలి."

ఆమె ముద్ర వేసింది. "అయిదు చోట్ల నాలుగు మొక్కలుంటే సాగు అవుతుందా అని పై వాళ్లు వాదిస్తారు."

"ఎంతని లేదన్నారు మీరే."

"లేదు. అందుకే వాదిస్తారు." కాగితాలు సర్దుతూ అడిగింది. "ఆ మూట ఉందా ఇంకా? విప్పకుండా తెచ్చుకోండి. నమ్మడానికి చేతికి తగిలేది ఏదో ఒకటి కావాలి సారుకు."

జూన్ 28

తమ్ముడు నాతో పనికి కావలసిన మాటలే మాట్లాడుతున్నాడు. బండి తాళాలు ఎక్కడ, ఫొటోలు ఎన్ని, అలా. మరదలు గిన్నె తెచ్చుకుంది.

12.40. వినబడింది. ఈ సారి షెడ్డు దాకా వెళ్లలేదు.

జూన్ 29, ఆదివారం

ఈ సాయంత్రం రెండో చెక్క గట్టు చుట్టూ నడిచాను. మొక్కలకు మూడో ఆకు వచ్చింది. అయిదో గుంపు మిగిలినవాటికంటే రెండు వేళ్లు ఎత్తుగా ఉంది. కారణం తెలియదు. అక్కడ పెంట ఎక్కువ పడి ఉండొచ్చు.

పొలం దక్కుతుందో లేదో నాకు తెలియదు. బెంచీల మీద చూసినవాళ్లలో తొలి విడత విచారణలు అయిన ముగ్గురితో మాట్లాడాను. ఇద్దరివి కొట్టేశారు. ఒకరిది వాయిదా.

రేపు విచారణ, రెండో అంతస్తు, నాలుగో నంబరు గది. తొమ్మిదింటికి తమ్ముడు బండి తీస్తాడు. మావయ్య చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు, ఎనిమిదిన్నరకే గేటు దగ్గర ఉంటానన్నాడు. మూట సంచిలో పెట్టుకున్నాను, ఈసారి పుస్తకాల పైన.

పదకొండుకు మొదలవుతుంది. ఒక్కో ఫైలుకు పదిహేను నిమిషాలు. మాది ఏడోది. మొదటి సాక్షిని నేను. పేరు, చిరునామా, ప్రమాణం అయ్యాక అధికారి అందరినీ అడిగే మొదటి ప్రశ్న ఒకటేనని గుమాస్తా చెప్పింది: విత్తారా, లేదా?

నన్ను నిలబెట్టేసరికి 12.40 అవుతుంది.